రొట్టెల శెహాతా మెడ

గుడ్డను కుదురులా చుట్టి నడినెత్తిన పెట్టుకొని శెహాతా కొద్దిగా మోకాళ్ళు వంచి నిలబడ్డాడు. బట్టీ దగ్గరి పనివాళ్ళిద్దరు పెద్ద చెక్క తడకను ఎత్తి ఆ కుదురు మీద దించారు. తడక నిండా పొంగిన రొట్టెలు ఇంకా ఆవిరి కక్కుతున్నాయి. మెడ నరాలు తాళ్ళలా బిగుసుకున్నాయి. ఎడమచేత్తో తడక అంచు పట్టుకున్నాడు. పట్టుకున్నాననే అనుకున్నాడు గాని వేళ్ళకు చెక్క తగిలిన ఆచూకీ లేదు. కళ్ళు మాత్రం పైకెత్తి, వేళ్ళు నిజంగా అంచు మీదే ఉన్నాయని చూసుకున్నాడు.

"ఏం శెహాతా, రొట్టెలు మోస్తున్నావా, పెళ్ళికూతుర్ని ఊరేగిస్తున్నావా?" బట్టీ యజమాని హాజ్ దసూఖీ లోపలినుంచి కేకేశాడు. "నడువయ్యా బాబూ! ఫూల్ బండి దగ్గర జనం రొట్టెల్లేక ఉడికిన చిక్కుడు గింజలు చెంచాలతో తింటున్నారు!"

"చెంచాలు కడిగి ఇవ్వమను హాజ్, వచ్చేస్తున్నా" అని శెహాతా కదిలాడు.

మనిషి పొట్టి. భుజాల మధ్య మెడ ఎద్దు మూపురంలా బలిసి ఉంటుంది. నడినెత్తిన అరచేతి మేర వెంట్రుకలు ఎప్పుడో అరిగిపోయాయి. ఇంబాబా పేట సందుల్లో ఒంటిచేత్తో సైకిల్ తొక్కుతూ, రెండో చెయ్యి తడకకు ఆనించి, కార్ల మధ్యనుంచి దూసుకుపోతుంటే డ్రైవర్లు తిట్టబోయి కూడా నోరు తెరుచుకొని చూసేవాళ్ళు. లోకంలో అతనికున్న గొప్ప అదొక్కటే. ఈ మధ్య కాళ్ళు బిర్రబిగుసుకుపోయి సైకిల్ పక్కకు ఒరిగిపోతోంది. చైను పాడైందని అందరికీ చెప్పి నడక మొదలుపెట్టాడు. ఒంటిమీది పొడుగు అంగీ, గలబియ్యా, గుండీలు భార్య ఇన్సాఫ్ పెడుతోంది. అన్నం తింటుంటే చెంచా జారిపోతే, పిల్లి లాక్కుందని పిల్లి మీద పెట్టేవాడు. ఆ ఇంట్లో పిల్లి లేదు. ఇన్సాఫ్ నవ్వలేదు, పెద్దాసుపత్రికి లాక్కుపోయింది.

మెడ ఫోటోలు తీసేది ఈరోజే. రొట్టెలు దించేసి, మొహాన పిండి కడుక్కొని ఇన్సాఫ్‌తో ఆసుపత్రికి వెళ్ళాడు. యంత్రం గొట్టంలోకి తోసేముందు కుర్రాడొకడు "కదలొద్దు బాబాయ్, గుటకేసినా బొమ్మ చెదిరిపోద్ది" అన్నాడు. లోపల చప్పుడు రాగిపని వాళ్ళ వీధిలా ఉంది. శెహాతా కదల్లేదు. పట్టపగలు వెల్లకిలా పడుకోవడం అతనికి ఊహ తెలిశాక ఇదే మొదలు. భయపడాల్సిన చోట నిద్ర ముంచుకొచ్చింది.

డాక్టర్ నిర్మీన్ తెర మీద రెండు బొమ్మలు పెట్టింది. మొదటిది నలుపూ తెలుపూ. మెడ ఎముకల మధ్య వెన్నుపాము ఒకచోట తలుపు సందులో పడ్డ తాడులా నలిగి ఉంది.

"ఇది మామూలు ఫోటో. నలిగిందని చెప్తుంది గానీ, చచ్చిందో బతికుందో చెప్పదు" అని డాక్టర్ రెండో బొమ్మ చూపించింది. అందులో నీలం రంగు దారాలు పైనుంచి కిందికి పారుతున్నాయి. "ఇది కొత్త రకం. నరాల వెంట నీళ్ళు ఎటు కదులుతున్నాయో దీంట్లో తెలుస్తుంది. ఇక్కడ చూడమ్మా. సన్నబడ్డాయి, కానీ తెగలేదు. చాలావరకు బతికే ఉన్నాయి."

"అంటే చేతులు?" ఇన్సాఫ్ అడిగింది.

"ఆదివారం ఆపరేషన్ చేసేస్తే చేతులు దక్కుతాయి. ఇంకా ఆలస్యం చేస్తే నేను మాటివ్వలేను."

ఇన్సాఫ్ సంతోషం పట్టలేక పెళ్ళింట్లోలాగా నాలుక ఆడించి గట్టిగా కూత పెట్టి, అది ఆసుపత్రి అని గుర్తొచ్చి ముసుగుతో నోరు మూసుకుంది. డాక్టర్ కూడా నవ్వేసింది. మెడకు మెత్తటి పట్టీ తనే కట్టి, "బరువు లేదు, పరుగు లేదు, మెడ విసురు లేదు. ఇది తియ్యొద్దు బాబాయ్" అంది.

"నెత్తిన ఈగను కూడా వాలనివ్వనమ్మా!"

ఇన్సాఫ్ కబురు చెప్పడానికి అక్కగారింటికి పోయింది. శెహాతా మంగలి ఫర్గలీ కొట్టువైపు తిరిగాడు. కత్తి పట్టే డాక్టర్ల ముందు మాసిన గడ్డంతో పడుకోవడం అతనికి నచ్చలేదు. సందు మలుపులో పట్టీ విప్పి గలబియ్యా లోపల దోపుకున్నాడు. దసూఖీ చూశాడంటే రేపే ఆ తడక కింద ఇంకో మెడ ఉంటుంది. ఆపరేషనై కోలుకున్నాక కూడా బట్టీలో ఏదో ఒక పని దొరుకుతుందని అతని ఆశ. ఆ ఆశను తప్పుపట్టే నోరు నాకు లేదు.

"ఏంట్రా, ఈ ఎండలో గడ్డం! రెండో పెళ్ళా?" అన్నాడు ఫర్గలీ. ఇద్దరూ చిన్నప్పటినుంచీ ఒకే సందులో పెరిగారు.

"మొదటిదే మోయలేక ఛస్తున్నా. బావమరిది పెళ్ళికి టాంటా పోతున్నాం, ఆదివారం." శెహాతా అబద్ధమాడాడు; మంగలి కొట్లో అన్న మాట సాయంత్రానికల్లా బట్టీకి చేరుతుంది.

"అయితే పెళ్ళికొడుకు కుళ్ళుకోవాలి, కూర్చో!"

ఫర్గలీ తెల్లగుడ్డ కప్పి క్రాపు కత్తిరించాడు, గడ్డం గీశాడు, వేడి తువ్వాలు మొహాన వేశాడు. పేటలో ఏ మంగలైనా చివర్లో మెడ విరుస్తాడు. ఒక చెయ్యి గడ్డం కింద, ఒక చెయ్యి నెత్తిన. కుడికి ఒకటి, ఎడమకు ఒకటి. మెటిక విరగకపోతే గడ్డం సగమే గీసినట్టు. శెహాతాకు అది ప్రాణం. రోజంతా మోసిన రొట్టెలు ఇక్కడే దిగుతాయనేవాడు. డాక్టరమ్మ చెప్పిన విసురు అతనికి గుర్తుంది. కానీ విసురంటే గుంతలో పడే సైకిల్, గుద్దుకునే మనిషి. ఫర్గలీ చెయ్యి ఆ లెక్కలోకే రాలేదు. అది అతనికి మందు. తువ్వాలు కింద కళ్ళు మూసుకొని మెడ వదులు చేసి ఇచ్చాడు.

మెటిక విరిగింది.

"నయీమన్!" అన్నాడు ఫర్గలీ, గడ్డం గీశాక అందరికీ చెప్పే దీవెన.

తువ్వాలు కిందినుంచి శెహాతా అడిగాడు. "ఫర్గలీ, నా చేతులేవిరా?"

"గుడ్డ కిందే ఉన్నాయి. నీ చేతులు ఎవడెత్తుకుపోతాడ్రా!" ఫర్గలీ నవ్వుతూ తువ్వాలు తీశాడు. శెహాతా పెదాలు కదులుతున్నాయి, ఊపిరి అందడం లేదు. కళ్ళు మాత్రం ఫర్గలీని వదల్లేదు.

పక్క కొట్లవాళ్ళు అతన్ని ఆటోలో పడుకోబెట్టారు. ఆసుపత్రి దారిలో వంతెన ఎక్కకముందే ప్రాణం పోయింది. ఇన్సాఫ్ పరుగున వచ్చి, ఏడవకుండా, "మెడకు పట్టీ ఉండాలే! ఎవరు తీశారు?" అని అడిగింది. ఫర్గలీకి ఏమీ అర్థం కాలేదు. శెహాతా గుండెల దగ్గర ఎత్తుగా ఉన్నచోట చెయ్యిపెట్టి, ఆ పట్టీ బయటికి లాగాడు. ఇన్సాఫ్ డాక్టర్ చెప్పిందంతా చెప్పింది. అప్పుడు ఫర్గలీ తన రెండు చేతులూ వెనక్కి దాచుకొని చంటిపిల్లాడిలా ఏడ్చాడు.

మూడోనాడు కొట్టు తెరిచాడు గాని ఆ కుర్చీలో ఎవర్నీ కూర్చోనివ్వలేదు. కుర్చీ చేతి మీద తెల్లగుడ్డ వేసినట్టే ఉంది, మడతల్లో నెరిసిన వెంట్రుకలతో, దులపకుండా.