తెగినచోట ముడి

నేను ఒక మోకును. తాడిచెట్టెక్కే గౌడు తన నడుముకూ చెట్టుకూ కలిపి వేసుకునే తాడును. పట్నంలో వాళ్లకు నా పేరు తెలియకపోవచ్చు, కల్లు మాత్రం తెలుస్తుంది. మనుషులంతే. లొట్టిని, అంటే కల్లుకుండను, గుర్తుపెట్టుకుంటారు, లొట్టి కోసం ఎక్కినవాణ్ణి పైన నిలబెట్టినదాన్ని మరిచిపోతారు.

జనగామ పక్క ఓ ఊళ్లో యాకయ్య నన్ను తన చేతులతోనే పేనుకున్నాడు. నార నానబెట్టి, చితక్కొట్టి, మెలిపెట్టి, చెట్టుకు ఒరుసుకునేచోట తోలు చుట్టి కుట్టాడు. రోజూ చెట్టు మొదట్లో నన్ను వేసుకుని, రెండడుగులు ఎక్కి, బరువంతా వేసి వెనక్కి వాలి చూసేవాడు. "ఉన్నవా?" అని అడిగేవాడు. పెళ్లాం కౌసల్యను కూడా అంత ముద్దుగా పలకరించి ఉండడు.

గౌడుల్లో ఒక కట్టుబాటు ఉంది. ఒకరి మోకును ఇంకొకరు ముట్టరు. మోకును చెట్టుకు తప్ప దేనికీ కట్టరు. కడితే కాటమయ్య ఓర్చడంటారు. కాటమయ్య వాళ్ల దేవుడు. ఆయన ఓరుస్తాడో లేదో నాకు తెలియదు గానీ, నార ఓర్చదు.

యాకయ్య అన్న ఉప్పలయ్య. అన్నదమ్ములు ఒక్క ఇంట్లోనే ఉండేవాళ్లు. ఒక సాయంత్రం ఆయన మోటరు బావిలో పడిపోయింది. చేతికి గట్టి తాడు దొరకలేదు. గోడకున్న తమ్ముడి గూటానికి వేలాడుతున్న నన్ను తీసుకెళ్లి, ఒక కొస మోటరుకూ, ఒక కొస ఎడ్లకూ కట్టి లాగించాడు. బావి ఒడ్డు రాయికి ఒరుసుకుని, పైన తోలు నిలిచినా లోపలి నార పేటలు తెగాయి. సందుల్లోకి నల్లమన్ను దూరింది. ఉప్పలయ్య నన్ను తుడుస్తూ ఆ మెత్తదనం వేలితో నొక్కి చూశాడు. చెబితే తమ్ముడు గొడవ చేస్తాడు. "పొద్దుగాల చెప్త" అని గొణుక్కుని, ఎక్కడ తీశాడో అక్కడే తగిలించాడు. పొద్దున ఆయన లేచేసరికి తమ్ముడు తాటివనంలోకి వెళ్లిపోయాడు.

యాకయ్య ఆ రోజూ వెనక్కి వాలి చూశాడు. "ఉన్నవా?" అన్నాడు. ఉన్నాను, మిగిలిన ఒక్క పేటతో. చెప్పడానికి నాకు నోరు లేదు. నోరున్నవాడు మంచం మీద ఉన్నాడు.

పైన కల్లు దించి, నిండు లొట్టి నడుముకు తగిలించుకుని వాలినప్పుడు తెగిపోయాను. కింద లొట్టి పగిలి కల్లంతా యాకయ్య ఒంటి మీద పడింది.

ముందుగా పరుగెత్తుకొచ్చింది ఉప్పలయ్యే. చెప్పడానికే వస్తున్నాడు. తమ్ముణ్ణి చూసి గుండెలు బాదుకుని ఏడ్చాడు. అది దొంగ ఏడుపు కాదు. ఏడుస్తూనే నన్ను ముడి విప్పకుండానే లాగి తువాలలో చుట్టేశాడు. జనం చేరేసరికి, "ముడి సక్కగ ఏసుకోలె నా తమ్ముడు" అన్నాడు. మిగతాది కల్లు వాసన చెప్పింది. "తాగి ఎక్కిండు" అంది ఊరు. ఊరికి అబద్ధం మొత్తం చెప్పనక్కర్లేదు. సగం చెబితే చాలు, తక్కినది అదే పేనుకుంటుంది.

నన్ను అటక మీద దాచాడు. వాళ్లమ్మ కొమురమ్మ అది చూసింది. ఇంట్లో ఎవరూ లేనప్పుడు నన్ను దించి, తోలు సందులో వేలుపెట్టి, వచ్చిన మన్ను వాసన చూసింది. తమ బావి మన్ను ఆమెకు తెలియదా? ఒక కొడుకు పోయాడు. ఒకడున్నాడు. నన్ను మళ్లీ పైన పెట్టి, ముందు ఒక పాత చాట అడ్డం పెట్టింది.

ఏటా కాటమయ్య పండుగకు మోకులూ కత్తులూ దేవుడి ముందు పెడతారు. చెట్టు మీంచి పడి పోయినవాళ్ల పేర్లు పిలిచి, ఒక్కొక్కరికీ కల్లు ధార పోస్తారు. తాగి ఎక్కినవాడి పేరు పిలవరు. అందరి పేర్లూ విని కౌసల్య తలొంచుకుని ఇంటికొచ్చేది. ఆమెకు కావలసింది ఆ ఒక్క పిలుపే.

పోయినేడు పండుగకు ఇత్తడి బిందె దించబోయి, చాట వెనక నన్ను చూసింది. బిందె వదిలేసి, నన్ను పట్టుకుని నేరుగా కాటమయ్య దగ్గరికి నడిచింది.

"తియ్యి బిడ్డా, తాగినోని మోకు ఈడ పెట్టద్దు" అన్నాడు కులపెద్ద ఎల్లాగౌడు.

"ముడి ఊడిందన్నరు గద పెద్దయ్యా! ముడి ముడి లెక్కనే ఉన్నది. నడుమ తెగింది, సూడు."

ఉప్పలయ్య అడ్డం వచ్చాడు. "పాతదాయె... ఎలుకలు కొరికినయేమో."

"ఎలుకలా?" అంది కొమురమ్మ. "ఉప్పలిగా, ఇంకెన్నేండ్లురా? ఆ తోలు విప్పు."

ఉప్పలయ్య కత్తి తీసుకున్నాడు. కుట్లు ఒక్కొక్కటే తెగాయి. ఎండిన నల్లమన్ను పసుపు కుంకుమల మీద రాలింది.

"మోటరు గుంజిన దీంతోని" అన్నాడు. "వానికి సెప్పలె. నా తమ్ముడు తాగలె."

ఎల్లాగౌడు లొట్టి వంచి ధార పోస్తూ, యాకయ్య పేరు గట్టిగా పిలిచాడు.

కౌసల్య ఏడవలేదు. అత్త వైపు తిరిగింది.

"తోలు కింద మన్నున్నదని నీకెట్ల ఎరుక అత్తా?"

కొమురమ్మ వంగి, రాలిన మన్నును కొంగులోకి తీసుకుంది.

ఇప్పుడు నేను కౌసల్య వాకిట్లో దండేన్ని. తెగినచోట ముడేసి రెండు గుంజలకు కట్టింది. నన్ను చెట్టుకు తప్ప దేనికీ కట్టకూడదని చెప్పేవాళ్లెవరూ లేరు. ఉప్పలయ్య వేరుపడ్డాడు, ఈ గడప తొక్కడు. కొమురమ్మ ఇక్కడే ఉంటుంది. కోడలు వేళకింత అన్నం పెడుతుంది, కాళ్లు గుంజితే నూనె రాస్తుంది, ఆమె బట్టలు కూడా ఉతుకుతుంది. ఉతికినవన్నీ నా మీదే ఆరేస్తుంది.

అత్త చీర మాత్రం గోడ మీద వేస్తుంది.