వదలని మంచం

పొద్దున్నే లాండ్రీ షట్టర్ ఎత్తగానే వినిపించేది తడి దుప్పటి దులిపే చప్పుడు. అమ్మ దులిపితే మామూలుగా ఉండదు, టప్పుమని వీధంతా ఉలిక్కిపడాల్సిందే. అమ్మ ఉతికేది, కూతురు ఇస్త్రీ చేసేది, మధ్యలో తీరిక దొరికితే ఇద్దరూ పోట్లాడుకునేవాళ్ళు. అంతకుమించి గొడవల్లేని బతుకు.

అలాంటి అమ్మ సబ్బునీళ్ళలో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ చేసి రాడ్డు వేశారు. ఇక నిలబడొచ్చని డాక్టరమ్మ చెప్పింది. కాలు కింద పెట్టమంటే మాత్రం అమ్మ "వామ్మో, మళ్ళీ విరుగుతుంది" అంటూ కళ్ళు మూసేసుకునేది. వీధినంతా గదమాయించే మనిషి అలా వణికిపోతుంటే కూతురు చూడలేకపోయేది.

"రేపు ఇంటికి తీసుకెళ్ళండి," అంది డాక్టరమ్మ. "ఆసుపత్రి మంచం ఒకటి చూసుకోండి. పక్కల కమ్మీలుండాలి. అంచు మీద కూర్చుంటే పాదాలు నేలకి ఆనాలి."

లాండ్రీ వెనకున్న ఇంట్లో ఉన్నవి చాపలే. నేల మీంచి లేవడం ఆ తుంటితో కుదిరే పనికాదు.

"పాపం, మీ అమ్మ మంచం పట్టిందటగా?" అంది పక్కనున్న పిండిమర ఆవిడ. జాలితోనే అడిగిందిలెండి. కానీ ఆ మాటకి కూతురికి చెమటలు పట్టేశాయి. మనిషి మంచం పట్టిందంటాం గానీ, పట్టేది మంచమే కదా! ఇళ్ళల్లో ఉండే మంచాలు నోట్లో నాలుక లేనివి. ఆసుపత్రి మంచాలు అలా కాదు, మనిషిని పట్టేస్తాయి. కొన్ని పట్టి వదిలేస్తాయి, కొన్ని వదలవు. ఇది తెలియనిదెవరికి?

మంచాలు అద్దెకిచ్చే దుకాణాలు తిరిగితే ఎక్కడా మంచం ఖాళీ లేదు. చివరి దుకాణాయన మాత్రం తన మంచాలని సొంత పిల్లల్లా చూపించాడు.

"ఇది బంగారమమ్మా. హ్యాండిల్ తిప్పితే తలవైపు లేస్తుంది. ఎవర్ని పట్టినా ఎముక అతకగానే వదిలేస్తుంది. మొన్నొకాయన లేవడానికి బద్ధకిస్తే ఇదే కిందకి తోసేసింది."

కూతురికి ప్రాణం లేచొచ్చింది. "ఇదే ఇచ్చేయండి."

"మీ గుమ్మం వెడల్పెంత?"

గుమ్మం కొలతకి ముడేసి తెచ్చుకున్న తాడు చూపించింది. ఆయన దాన్ని మంచానికి అడ్డంగా పెట్టి చూసి పెదవి విరిచాడు. "పట్టదమ్మా. విప్పి తీసుకెళ్దామన్నా అంతా వెల్డింగే."

గుమ్మంలో పట్టేది ఒక్కటే ఉంది, గోడవారగా. సన్నగా, కొత్త రంగుతో, మెత్తటి పరుపుతో భలే ఉంది. ఎత్తు కూడా సరిగ్గా సరిపోయింది. "మరి ఇది?"

దుకాణాయన నేలచూపులు చూశాడు. "అబద్ధం చెప్పలేను. ఇది ఇంతవరకూ ఎవర్నీ వదల్లేదు."

"ఎవర్నీనా?"

"ఎవర్నీ. ఇంటికొకర్నే పడుతుంది, రెండోవాళ్ళ జోలికి పోదు. అదొక్కటే దీని మంచితనం."

ఖర్మ చూడండి. మనిషిని వదిలే మంచం గుమ్మంలో పట్టదు, గుమ్మంలో పట్టే మంచం మనిషిని వదలదు. తెల్లారితే అమ్మ వచ్చేస్తుంది. కూతురు ఏడుపు దిగమింగుకుని సరేనంది.

మర్నాడు అంబులెన్సువాళ్ళు అమ్మని చక్రాల కుర్చీలో దించారు. "ఎత్తి పడుకోబెట్టేయమంటారా?"

"వద్దు!" అని అరిచింది కూతురు. ఆ అరుపుకి తనే హడలిపోయింది. "నేను చూసుకుంటాలెండి, మీరెళ్ళండి."

"బాగానే ఉందే మంచం," అంది అమ్మ. "ఎందుకే అలా బిగుసుకుపోయావు?"

కూతురు మంచం దగ్గరికి వెళ్ళింది. అమ్మ ఉతికిన దుప్పటే పరిచింది. మడతలు సర్దింది. ఇంటికొకర్నే కదా, పడితే నన్నే పట్టనీ అనుకుంది. గభాల్న మంచమెక్కి వెల్లకిలా పడుకుంది.

అంతే. చక్రాల బ్రేకులు టక్కున పడ్డాయి. తాళ్ళూ లేవు, గొలుసులూ లేవు. హాయిగా ఉంది, ఆ హాయికే భయమేసింది. మెడ కూడా లేవలేదు.

"ఏమే, నాకు తెచ్చిన దాని మీద నువ్వు బజ్జున్నావేంటి?"

"అమ్మా, లేవలేకపోతున్నా."

"నాటకాలాడకు."

"నిజంగానే అమ్మా. ఇది వదిలే రకం కాదు. నిన్ను పట్టకూడదని నేనే..."

అమ్మ మొహంలో నెత్తురుచుక్క లేదు. "ఓసి పిచ్చిమొహమా!" అని కేకేసింది. సాయం పిలుద్దామంటే పిండిమర హోరులో ఎవరికి వినపడుతుంది? కూతురి గొంతు అప్పటికే సన్నబడిపోతోంది, రెప్పలు మూతలు పడుతున్నాయి. అమ్మ కుర్చీని మంచం దాకా నెట్టుకుంది. కమ్మీ పట్టుకుంది. పాదాలు నేలకి ఆనించి, పళ్ళు బిగించి లేచింది.

తుంటి విరగలేదు. విరుగుతుందన్న సంగతి ఆవిడకి గుర్తుంటేగా! కూతురి రెక్క పట్టి లాగింది, మనిషి కదల్లేదు. అప్పుడు తట్టింది. మంచం పట్టింది మనిషిని, దుప్పటిని కాదు. దుప్పటి సంగతి ఆవిడకి వేరే చెప్పాలా? కమ్మీ వదిలేసి, దుప్పటి కొసలు రెండూ గుప్పిళ్ళలోకి తీసుకుని ఒక్క దులుపు దులిపింది.

టప్!

కూతురు కమ్మీ దించి ఉన్న అవతలివైపు నేల మీద పడింది. మోచెయ్యి గీరుకుపోయింది. మంట పుడుతుంటే ఎంత హాయిగా ఉందో! తలెత్తి చూసి నోరెళ్ళబెట్టింది. "అమ్మా, నిలబడ్డావే!"

"నోర్ముయ్. గుర్తుచేస్తే పడిపోతాను." అమ్మ కాళ్ళు గజగజలాడుతున్నాయి, కళ్ళల్లోంచి నీళ్ళు కారిపోతున్నాయి. దుప్పటి మాత్రం వదల్లేదు.

పిండిమర ఆగింది. ఆ టప్పుమన్న చప్పుడు ఎక్కడున్నా పోల్చుకుంటుంది పక్కావిడ. పరుగున వచ్చి గుమ్మంలోంచి తొంగిచూసింది.

"అదేంటి, మీ అమ్మ మంచం పట్టిందన్నారు?"

"పట్టలేదండీ," అంది కూతురు నేల మీంచే, ఏడుస్తూ నవ్వుతూ. "పట్టుకుంది."

అమ్మ దుప్పటి భుజాన వేసుకుని, మళ్ళీ కమ్మీ పట్టుకుని, కూతురి వైపు అడుగు వేసింది.