కుడిచేతి కాప్పు

రాజపాళయంలో వల్లియమ్మాళ్ మాటకు ఎదురు చెప్పినవాళ్ళు లేరు. చెప్పడానికి ఆవిడ సందిస్తే కదా! మారియమ్మ పండగకు ఆడవాళ్ళు కాప్పు, అంటే ఆ పసుపు దారం, ఎడమచేతికి కట్టుకోవాలని ఊరంతటికీ తెలుసు. పిస్టల్ పోటీలకు పోయే మనవరాలు శివరంజనికి మాత్రం ఆవిడ కుడిచేతికే కట్టింది.

"తుపాకి పట్టేది ఏ చెయ్యే? మారియమ్మ ఆత్తా కాపాడాల్సింది దాన్నే కదా? ఎడమచెయ్యి జేబులో ఊరికే కూర్చొనేదే!"

కాప్పు ఉన్నన్నాళ్ళూ విరతం, నీచు ముట్టకూడదు. కట్టినవాళ్ళే విప్పాలి. నడుమ తెగితే కీడు కట్టినవాళ్ళకే. అవ్వ మొక్కులన్నిటినీ ఎగతాళి చేసే శివరంజనికి ఈ ఒక్కటంటే భయం. అమ్మానాన్నలు మిల్లు షిఫ్టులకు పోతుంటే తనను పెంచింది ఆ ముసలిదే మరి.

బాకూలో ప్రపంచ కప్పు, విదేశంలో ఆమెకు మొదటి పోటీ. పిస్టల్ పట్టే మణికట్టుకు గాజు, వాచీ, దారం ఏదీ ఉండకూడదని ఆమెకు తెలియక కాదు. చొక్కా చేతికింద దాచేస్తే సరిపోతుందనుకుంది. తనిఖీ బల్ల దగ్గర కూర్చున్న జడ్జమ్మవి మన టౌన్ బస్సు కండక్టర్ కళ్ళు. దారం మీద వేలు పెట్టి, తీస్తేనే పోటీ, లేదంటే లేదు అంది.

శివరంజని వీడియో కాల్ చేసింది.

"అవ్వా, కాప్పు కొయ్యమంటా ఉండారు. నేను కొయ్యను. నీకేమన్నా అయితే?"

"నాకేమే అయ్యేది? నన్ను తీసుకొని పోతే ఆత్తాకే తలనొప్పి. ఆ దొరసానినే కొయ్యమను. ఆమెకి మారియమ్మా తెలియదు, నేనూ తెలియదు. ఊ, కానీ!"

జడ్జమ్మ కత్తెర పెట్టగానే ఫోన్లోంచి వల్లియమ్మాళ్ గుళ్ళో అమ్మవారికి పెట్టినట్టే నాలుకాడిస్తూ కులవ పెట్టింది. ఆ కేకకు పిస్టళ్ళు సర్దుకుంటున్న దేశదేశాలవాళ్ళు తలెత్తి చూశారు. దారం తెగింది. శివరంజనికి ఏడుపు ముంచుకొచ్చింది. కళ్ళు తుడుచుకుని పోయి కాల్చింది. ఫైనల్‌కు చేరి ఆరో స్థానంలో నిలిచింది.

తిరిగొచ్చేసరికి పండగ అయిపోయింది, ఊళ్ళో అందరూ కాప్పులు విప్పేశారు. వీధంతా కరువాడు, ఆ ఎండుచేపలు, వేగుతున్న వాసన. అది లేనిదే ముద్ద దిగని వల్లియమ్మాళ్ ఉత్త చారన్నం తింటోంది. ఆవిడ కుడిచేతికి కొత్త పసుపు దారం.

"ఇదేందవ్వా?"

"నువ్వు నడుమ విడిచిన దినాలు ఎవరే ఉండేది? ఆ పిల్ల విరతం నేనుంటానని ఆత్తా దగ్గర చెప్పేసినాను. ఈ పొద్దుతో సరి. కత్తెర తీసుకొని రా."

"కట్టినోళ్ళే కదా విప్పాల?"

"నీ కోసరం కట్టింది, నువ్వే కొయ్యి. తొందరగా, కరువాడు చల్లారిపోతాది."

శివరంజని ఆ పుల్లలాంటి మణికట్టు పట్టుకుంది. విరతమూ కీడూ రెండూ ముసలిది తన మీదికే లాక్కుందని అప్పుడు తెలిసొచ్చింది. కత్తెర దారం మీద నిలవడం లేదు.

"చెయ్యి ఇట్లా ఆడతా ఉంటే నీకు తుపాకి ఎవరే ఇచ్చినారు?" అంది వల్లియమ్మాళ్, మనవరాలి చెయ్యి కదలకుండా తన ఎడమచేత్తో గట్టిగా పట్టుకుంటూ.