ఆర్డిస్ ఉతికిన చొక్కాలు

పైక్ బెండ్ ఊళ్లో ఆర్డిస్ చేసిన పాపం ఒక్కటే: మొగుడి చొక్కా ఉతికింది.

ఆ మొగుడు మెర్ల్ ఒకప్పుడు టర్టిల్స్ అనే చిన్న లీగు బేస్‌బాల్ జట్టుకి బంతులు విసిరేవాడు. తాబేలు పేరుకి తగ్గట్టే పరిగెత్తే జట్టు అది. ఏ దేవుడు కరుణించాడో, ఒక వేసవిలో వరసపెట్టి గెలవడం మొదలుపెట్టింది. గెలుస్తున్నన్నాళ్లూ ఆటగాళ్లు చొక్కాలు ఉతకరు. ఉతికితే అదృష్టం పోతుందని వాళ్ల నమ్మకం. ఇంట్లో ఆ కంపు భరించలేక ఆర్డిస్ ఓ పొద్దున్న మెర్ల్ చొక్కాని సబ్బునీళ్లలో ముంచింది. ఆ రోజు జట్టు చిత్తుగా ఓడింది. మళ్లీ గెలిచిన పాపాన పోలేదు. చలికాలానికి మూతపడింది.

అప్పట్నుంచి నలభై ఏళ్లుగా, చర్చిలోనూ మంగలి షాపులోనూ ఆమెని చూస్తే "సబ్బు దాచండ్రా" అనేవాళ్లు. వాళ్లతో కలిసి మెర్ల్ కూడా నవ్వేవాడు. ఆమెకి ఒళ్లు మండేది ఆ నవ్వుకే. తన తప్పేం లేదని ఒక్కసారైనా అంటాడేమోనని చూసింది. అనలేదు.

ఈ వేసవిలో బ్రిన్ అనే అమ్మాయి కొట్టు పెట్టి, టర్టిల్స్ చొక్కాలు పాతకాలం పోలికతో అచ్చువేయించింది. ఒక్కటీ అమ్ముడుపోలేదు.

"మరీ కొత్తగా మెరుస్తున్నాయండీ, ఎవరూ నమ్మడం లేదు," అని ఆర్డిస్ దగ్గర వాపోయింది.

"ఉతకాలమ్మా. ఆ పనిలో ఈ ఊళ్లో నాకంటే పేరున్నవాళ్లెవరు?"

ఆ చొక్కాల గుట్టనంతా ఇంటికి మోసుకెళ్లి కసితీరా ఉతికింది, రంగు వెలిసి, మెడలు సాగి, చొక్కా మీది తాబేలు బొమ్మ డిప్ప పగుళ్లు తేలేదాకా. బ్రిన్ కిటికీలో బోర్డు పెట్టింది: "జట్టుని ముంచిన చేతులతోనే ఉతికినవి."

శనివారానికి జనం వీధి మలుపుదాకా నిలబడ్డారు. సబ్బు దాచమన్న పెద్దమనుషులే పొట్టలు బిగబట్టి కొలతలు చూసుకున్నారు. మంగలి డ్వేన్ చొక్కా మీద ఆమె చేత సంతకం కూడా పెట్టించుకున్నాడు.

మెర్ల్ వచ్చేసరికి, తేడా చూపడానికి ఉతక్కుండా కిటికీలో ఉంచినదొక్కటే మిగిలింది.

"ఇది కూడా ఉతికిపెట్టవే. నేనాడిన జట్టు కదా," అన్నాడు.

"ఆ రోజెందుకు ఓడారో చెప్పు, ఉతుకుతా."

కొట్టంతా చెవులు రిక్కించింది. మెర్ల్ గొంతు సవరించుకున్నాడు.

"ముందు రాత్రి పీకలదాకా తాగాను. ఎదురుగా ఉన్న ఒక్క బ్యాటరూ ఇద్దరిలా కనబడ్డాడు. లేనివాడికి విసిరాను."

ఆర్డిస్‌కి ఏడుపూ నవ్వూ ఒకేసారి తన్నుకొచ్చాయి.

"మరి ఇన్నేళ్లూ నోరు మెదపలేదేం?"

"నన్నెవరూ అడగలేదుగా."

ఆమె చొక్కా మడిచి అతని చేతిలో పెట్టింది.

"నీది నువ్వే ఉతుక్కో," అంది.