ఎడమచేతికి ఒక పెనం

బరువంటే ఎంత బరువులే, సంచిలో ఎర్రగడ్డలు నింపుకుంటే ఎంతో అంతే గదా, కానీ ఎడమచేత్తో ఎత్తితే మాత్రం మణికట్టు కిందికి జారిపోతా ఉండాది, నాదే ఇట్ల జారితే ఆయనది ఎట్ల నిలుస్తాది, అంగడి బయట మడివాళ బజారంతా మోడం కమ్ముకొని మసకమసగ్గా ఉండాది, బస్సుల హారన్లు కూడా యాడో నీళ్ళ అడుగున మోగినట్ల వినిపిస్తాయి, ఆఫీసు బస్సు ఎలక్ట్రానిక్ సిటీ నుంచి తెచ్చి నన్నిక్కడ దింపి పోయింది, ఇంటికి పోవాల్సినదాన్ని ఇనుపసామాన్ల అంగట్లో నిలబడి పెనాలు ఎత్తి దించి ఎత్తి దించి చూస్తా ఉండాను, అంగడాయన మునినారాయణప్ప ఒక కన్ను నా మీద, ఒక కన్ను టీ గ్లాసు మీద పెట్టి, ఏమ్మా, పెనం కొనేకి వచ్చినావా, కసరత్తు చేసేకి వచ్చినావా అంటాడు, నవ్వొచ్చింది, సొల్ప బరువు తక్కువది చూపించన్నా, ఎడమచేత్తో ఎత్తేకి కావాల అంటే, ఎవరమ్మా మీ ఇంట్లో ఎడమచేతి వాళ్ళు అన్నాడు, మా ఇంటాయన అన్నాను, పోయిన వానాకాలం పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది అనే మాట మాత్రం చెప్పకుండా ఇంకో పెనం ఎత్తినాను.

అంతకు ముందు, ఆదివారం పొద్దునైతే ఇల్లంతా పెనం వాసనే, ఇనుము కాగిన వాసన, నూనె, ఎర్రగడ్డ, నేను ముసుగు తీయకుండా పడుకొని ఉంటే వంటింట్లోంచి చుయ్ మని సద్దు, మా ఇంటాయన మునిరాజు లేచినాడు, సగం కోసిన ఎర్రగడ్డతో పెనం మీద నూనె రుద్దుతా ఉండాడు అనుకుంటానే మళ్ళీ నిద్రలోకి జారేదాన్ని, నిద్రలో కూడా దోశ వాసన వచ్చేది, మొదటి దోశ పెనానిది, రెండోది మా చిన్నిది అని మా కూతురికి పెద్ద శాస్త్రం చెప్పినట్ల చెప్పేవాడు, మొదటిది ఎట్లాగూ చినుగుతాది, పెనం పేరు చెప్పి తనే తినేసేవాడు, ఆ పెనం మా అత్తది, నల్లగా, నున్నగా, వంగి చూస్తే మొగం కనపడేటట్ల, ఆయన ఆస్పత్రిలో ఉండంగా సాయానికని వచ్చింది మా వదిన కెంపమ్మ, ఆయన అక్క, పాపం మంచి మనిషే, చపాతీలు కాల్చి కాలే పెనాన్ని అట్లే తీసకపోయి కొళాయి కింద పెట్టింది, టప్ మనింది, నడిమధ్యకు బీట, ఆయమ్మ కూలబడి ఒకటే ఏడుపు, తమ్ముడు ఆస్పత్రిలో ఉండాడు, అమ్మ పెనం పగిలె, ఏం అపశకునమో రంజితా అని, నేను ఓదార్చేదా, తిట్టేదా, ఊరుకో వదినా, పోతే ఇనుము పోయింది, మనిషి వస్తాడు అన్నాను, వచ్చినాడు, మనిషైతే వచ్చినాడు.

వచ్చిన మనిషికి కష్టం కాకూడదని పువ్వు మాదిరి ఉండే నాన్‌స్టిక్ పెనం తెప్పించినాను, చిన్ని కూడా ఒక వేలితో ఎత్తేస్తాది, ఇంటి పనులు చేయనీండమ్మా, మనిషికి ధైర్యం వస్తాది అని డాక్టరు చెప్పె, సరే అని ఒక ఆదివారం నేనే, ఏమప్పా, దోశలు పోయవా అంటి, ఎంత సంబరంగా లేచినాడో, ఎడమచేత్తో పిండి పోస్తే అది దేశపటం మాదిరి అయ్యె, చిన్ని నవ్వె, ఆయనా నవ్వె, అంతవరకు బాగానే ఉండాది, దోశ తీసేకి గరిటె దూర్చినాడు, గరిటెతో పాటు పెనమే తిరిగె, మళ్ళీ దూర్చె, మళ్ళీ తిరిగె, పట్టుకునేకి ఇంకో చెయ్యి యాడ ఉండాది, గట్టిగా ఒక తోపు తోస్తే పెనమూ దోశా రెండూ పోయి నేలమీద పడె, నేను పరిగెత్తిపోయి, పోనీలే, నువ్వు పోయి కూర్చో అంటి, పోయి కూర్చున్నాడు, ఇంకా కూర్చొనే ఉండాడు, ఆ పొద్దు నుంచి వంటింటి గడప తొక్కలేదు, నీళ్ళు కావాలన్నా హాల్లోనుంచే అడుగుతాడు, నిన్న చిన్ని, నాన్నా దోశ అంటే, మీ అమ్మనడుగు తల్లీ, నేను ఈ ఇంట్లో సోఫా మాదిరి ఒక సామాను అన్నాడు, నవ్వుతానే అన్నాడు, ఈ మనిషి మళ్ళీ పొయ్యి ముందర నిలబడకపోతే ఏమైపోతాడో అని నాకు భయంగా ఉండాది, నిజంగానే భయంగా ఉండాది.

ఫోన్‌లో చూసిన పెనాలన్నీ సోకులే, పొడుగు పిడి, నున్నటి అడుగు, ఈ అంగట్లో ఉండేవాటికన్నా మూడింతలు రేటు, మందులకే జీతం సగం పోతా ఉంటే వాటిని చూసేకే గాని కొనేకి కాదు, మునినారాయణప్ప రెండు తీసి బల్ల మీద పెట్టినాడు, ఒకటి రేకు పెనం, సన్నంగా, తేలిగ్గా, ఇంకోటి పోత ఇనుముది, ఇక్కడోళ్ళు బీడు కావలి అంటారు, గరుకుగా ఉండాదే అన్నా అంటే, కొత్తలో గరుకే ఉంటాదమ్మా, బియ్యం కడిగిన నీళ్ళల్లో నానేసి, నూనె పట్టించి, నాలుగు దినాలు దోశలు పోయి, నున్నగా కాకపోతే తెచ్చి నా నెత్తిన కొట్టు అన్నాడు, వేలు మడిచి కొట్టి చూస్తి, ఖంగుమని మోగి, ఆ మోత చానాసేపు అట్లే గాల్లో ఉండిపోయె, బీట లేదు, బాగుండాది, కానీ బరువు, అమ్మో, రేకుదే మేలేమో, కుడిచేతిలో క్యారేజీ సంచి, గొడుగు, కింద పెడదామంటే తడి, ఎడమచేత్తోనే ఒక గరిటె తీసుకొని రేకు పెనం మీద దోశ తీసినట్ల తోస్తి, గిర్రున తిరిగె, పట్టుకుందామని నా కుడిచెయ్యి దానంతట అదే లేచె, సంచి అడ్డమొచ్చె, నేను అట్లే నిలిచిపోయినాను, ఓహో, ఇట్లనా ఆయనకు, లేచేకి కూడా లేవని చెయ్యితో ఇట్లనా, మెల్లిగా గరిటెను పక్కనుండే బరువు పెనం మీద పెట్టి తోస్తి, కదల్లేదు, ఇంకా గట్టిగా తోస్తి, పడుకున్న ఎద్దు మాదిరి అట్లే ఉండాది, గరిటె ఒక్కటే సర్రుమని ముందుకు పోయె.

వాన మొదలయ్యె, అంగడి రేకుల మీద చినుకులు, నాకేమో ఇంకా ఆ సర్రుమనే సద్దే వినపడతా ఉండాది, ఇన్ని దినాలు బరువులన్నీ తీసేస్తా వస్తి గదా నేను, స్టీలు చెంబు తీసి ప్లాస్టిక్ గ్లాసు పెడితి, కుర్చీ నేనే జరిపితి, తలుపు నేనే తీస్తి, ప్రేమతోనే చేస్తి, ఆయన ఆనుకొని తోసేకి ఇంట్లో ఒక్క వస్తువు లేకుండా చేసి పైగా పోయి కూర్చో అంటి, ఇదే కట్టియ్యన్నా అంటే మునినారాయణప్పకు నా మీద అనుమానమొచ్చె, ఏందమ్మా, తేలికది కావాలంటివి, ఇంత బరువుది ఎడమచేత్తో మీ ఆయన ఎట్ల దింపుతాడు అన్నాడు, దింపేదా, ఎవరు, మునిరాజా, నవ్వు తన్నుకోని వచ్చె, నవ్వుతా ఉంటేనే కండ్లల్లో నీళ్ళు, పెళ్ళయిన కాడినుంచి ఆ మహానుభావుడు ఏ ఆదివారమన్నా పెనం దింపినాడా, దోశలు పోసి, చేతులు దులుపుకొని, ప్లేటు పట్టుకొని టీవీ ముందరికి పోయేవాడు, కాలే పెనాన్ని దింపేది, తుడిచేది, తిట్టుకునేది నేనే గదా, ఆయన ఎత్తేకి కావాలని ఊరంతా వెతికితి, చెయ్యి బాగుండిన దినాల్లో కూడా ఆయన ఎత్తిందే లేదు, పోసేది ఆయన, దింపేకి నేనుండాను.