తొమె గారి పుట్టుమచ్చ

చిగుసాకి తన చేతిమీద నమ్మకం ఎక్కువ. మత్సుయె ఊళ్ళో పేరున్న హిరుతా మిఠాయి దుకాణం వాళ్ళు కొత్త పెట్టెల మీద బొమ్మ కోసం టోక్యో చిత్రకారుడెవరినో మాట్లాడబోతున్నారని వినగానే, సైకిలేసుకుని వెళ్ళి యజమాని సదావో ఎదుట నిలబడింది.

"టోక్యో ఆయన గీస్తే మీ పెట్టె టోక్యో పెట్టెలాగే ఉంటుందండి. నాకు వారం రోజులివ్వండి. నచ్చకపోతే మీ చేత్తోనే చింపెయ్యండి."

అప్పటికి ఆ పిల్ల వయసు ఇరవై నాలుగు. బొమ్మలు అచ్చయింది ఒక పళ్ళ డాక్టరు గారి క్యాలెండర్లోనూ, ఆదివారం సంతలో తను అమ్ముకునే పోస్టుకార్డుల మీదా. మిగతా రోజుల్లో భోజనం డబ్బాల కొట్లో అన్నం సర్దేది. సదావో ఆమెను ఎగాదిగా చూశాడు.

"నోరైతే బాగానే ఉంది. చెయ్యి కూడా చూద్దాం. పెట్టె మీదికి ఈవిడ కావాలి," అని వాళ్ళమ్మ తొమె గారి పాత ఫోటో ఒకటి చేతిలో పెట్టాడు.

ఫోటోలో తొమె గారికి పంతొమ్మిదేళ్ళు. కిమోనో కట్టుకుని, మోచీలనే బియ్యప్పిండి మిఠాయిల పళ్ళెం పట్టుకుని, ఊరి సరస్సు ఒడ్డున గాలిలో నడుస్తోంది. ఎడమ కంటి కింద నువ్వుగింజంత పుట్టుమచ్చ. ఇప్పుడావిడకి ఎనభై ఎనిమిది. రోజూ దుకాణంలో అద్దాల బీరువా వెనక కూర్చుని మిఠాయి కాగితాలు మడతపెడుతుంది.

చిగుసా నాలుగు రోజులు గీత గీయలేదు. సరస్సు ఒడ్డున నిలబడి, గాలికి ఆడవాళ్ళ బట్టల అంచులూ గొడుగులూ ఎటు లేస్తాయో చూసింది. ఐదో రోజున టాబ్ మీద మొదలుపెట్టి ముప్ఫై చిత్తుబొమ్మలు గీసి, ఇరవై తొమ్మిది పారేసింది. ఒకే బొమ్మని గంటలకొద్దీ చూస్తుంటే కన్ను మొద్దుబారిపోతుంది. కాకిపిల్ల కాకికి ముద్దు కాబట్టి వంకర మూతి కూడా చక్కగానే కనిపిస్తుంది. అందుకే ఈ పనిలో ఉన్నవాళ్ళంతా తెరమీద బొమ్మని ఒక్క మీటతో కుడి ఎడమలు తారుమారు చేసి చూసుకుంటారు. దాక్కున్న వంకర్లన్నీ అప్పుడు బయటపడతాయి. వాటిని దిద్ది మళ్ళీ మామూలుగా తిప్పేస్తారు.

ఈసారి చిగుసా దాన్ని వెనక్కి తిప్పలేదు. మామూలు బొమ్మలో అమ్మాయి కుడికి నడుస్తోంది; చూసే కన్నూ అటే జారుతుంది కాబట్టి గాలి వెనకనుంచి తోస్తున్నట్టుంది. తారుమారు బొమ్మలో ఎడమకి, కంటికి ఎదురు నడుస్తుంటే గాలికి ఎదురెళ్తున్నట్టుంది. ప్రాణం వచ్చినట్టయింది. అలాగే పంపేసింది. సదావో మోచీల రంగు తప్ప ఇంకేమీ చూడలేదు. అది సరిగ్గా ఉందన్నాడు. నమూనా పెట్టెలు రెండు తయారయ్యాయి, ఒకటి చిగుసాకి, ఒకటి దుకాణానికి.

అచ్చు మొదలయ్యేది గురువారం మధ్యాహ్నం. ఆ పొద్దున చిగుసా శనివారం పండగకని కొత్త యుకాతా, అంటే వేసవి కిమోనో, కట్టుకుని చూసుకుంటోంది. కుడి అంచు లోపలికి, ఎడమ అంచు పైకి. మూడేళ్ళప్పుడు నేర్చుకున్నది. చిన్నప్పుడు పొరపాటున కుడి అంచు పైకి వేసుకుంటే వాళ్ళమ్మ చేతిమీద ఒక్కటిచ్చేది, "బతికున్నదానివా, పోయినదానివా?" అని. శవానికి తప్ప అలా ఎవరికీ కట్టరు.

కట్టుకుంటూ కట్టుకుంటూ బల్లమీది నమూనా పెట్టె వైపు చూసింది. బొమ్మతోపాటు బట్ట కూడా తారుమారైంది. పెట్టె మీద తొమె గారు కుడి అంచు పైకి వేసుకుని, చక్కగా నవ్వుతూ నడుస్తోంది.

అచ్చువాళ్ళకి ఫోన్ చేసి 'రంగు కొంచెం దిద్దాను, కొత్తది తీసుకోండి' అంటే సరిపోయేది. ఎవరూ అడిగేవారు కాదు. కానీ రెండో పెట్టె అక్కడ దుకాణంలో ఉంది. తొమె గారు దాన్ని చూసి, ఏమీ అనకుండా లోపల దాచుకుంటే? ఆ ఊహే చిగుసాకి భరించరానిదయింది. టాబ్ సంచిలో పడేసి, సగం కట్టిన యుకాతాతోనే సైకిలెక్కింది.

దుకాణంలో అడుగుపెడుతూనే నడుం పూర్తిగా వంచింది. "పెద్ద తప్పు చేశాను. ఒక్క మీటతో బొమ్మని తిప్పి అలాగే ఉంచేశాను. మామ్మగారి బట్ట ఎదురు కట్టు అయిపోయింది."

సదావో పెట్టె తీసి చూశాడు. "ఎనిమిది వేల పెట్టెలమ్మాయ్! ఎనిమిది వేల సార్లు మా అమ్మని చంపేసేదానివి! తిప్పు! ఏదో మీట ఉందన్నావుగా, ఇప్పుడే తిప్పెయ్!"

"తిప్పకు," అంది తొమె గారు కాగితం మడత ఆపకుండానే.

"అమ్మా, నువ్వూరుకో."

"నువ్వే ఊరుకోరా. బొమ్మ నాదా, నీదా?" అని ఆవిడ చిగుసా వైపు తిరిగింది. "ఆ ఫోటో నాకెప్పుడూ నచ్చలేదే పిల్లా. అందులో ఉన్నది ఎవరో. వంటింటి అద్దంలో రోజూ పొద్దున్నే నేను చూసుకున్న మొహం ఇదీ. మచ్చ ఇటువైపే ఉండేది. డెబ్భై ఏళ్ళకి మళ్ళీ నిన్న కనిపించింది. ఆ సంబరంలో కట్టు సంగతే తోచలేదు. అద్దంలో అదీ ఇలాగే కనబడుతుందిగా. పొద్దున్న పళ్ళు తోముకుంటుంటే తోచింది."

"మరి నాకు చెప్పలేదేం?" అన్నాడు సదావో.

"నీకు చెప్తే తిప్పేయమంటావు. అన్నావు కూడా."

చిగుసా నిటారుగా నిలబడింది. "తిప్పనండి. మొహం ముట్టుకోను. మెడ దగ్గరా, కింద గాలికి లేచిన అంచు దగ్గరా మళ్ళీ గీస్తాను. గంట చాలు."

"చాలకపోతే?"

"చాలుతుందండి."

సదావో టీ పెట్టడానికి లోపలికి వెళ్ళాడు. చిగుసా అద్దాల బీరువా మీదే టాబ్ పెట్టుకుంది. మెడ సులువే. గాలికి ఎగిరే అంచు ఏ వైపు తెరుచుకోవాలో తోచక రెండుసార్లు చెరిపింది. అప్పుడు తొమె గారే లేచి, చిగుసా యుకాతా అంచు పట్టుకుని గాలి ఊపినట్టు ఊపింది. చిగుసా అది చూసి గీసింది. యాభై నిమిషాలయ్యేసరికి ఎడమ అంచు పైకొచ్చింది.

సదావో కళ్ళజోడు పెట్టుకుని, ఈసారి మోచీలు వదిలేసి అన్నీ చూశాడు. "మరి మచ్చ? అది తప్పువైపుందిగా?"

"దాని జోలికెళ్తే నీ టీ నువ్వే తాగు," అంది వాళ్ళమ్మ.

శనివారం పండగ జనంతో దుకాణం కిటకిటలాడింది. ఒకావిడ కొత్త పెట్టె చేతిలో పట్టుకుని బొమ్మనీ తొమె గారినీ మార్చి మార్చి చూసి, పక్కనున్న చిగుసాతో అంది: "గీసింది నువ్వేనటగా. పుట్టుమచ్చ అటు పెట్టావేమ్మా? పాపం, కొత్తదానివేమో."

"మీ వైపునుంచి చూస్తే తప్పేనండి," అంది చిగుసా. "నేను ఆవిడ వైపునుంచి గీశాను."

బీరువా వెనక తొమె గారు ఆ పెట్టె తీసుకుని, మూత మీది అమ్మాయిని ఒకసారి బొటనవేలితో తుడిచి, లోపల ఒక మోచీ ఎక్కువేసి కట్టింది.