పిల్లి తొక్కని ఇసుక

శనివారం లోపల చేయవలసినవి: చాపలు కడిగి ఎండేయడం. ట్రే తోమడం. కొత్త ఇసుక పోయించడం. పడకగది తలుపు మూసి ఉంచడం. పశువుల డాక్టరుకు చూపించడం. అత్తకు కోపం రాకుండా చూసుకోవడం.

ఆఖరిది తప్ప అన్నీ చేశాను. మానియోకె మళ్లీ చాప మీదే పోసింది.

మానియోకె మా నానమ్మ మెలెనైతె పెంచిన పిల్లి. తొక్క తీసిన కర్రపెండలం రంగు, అందుకే ఆ పేరు. మా దీవుల రాజధాని నూకుఅలోఫాలో మా వీధి కుక్కల సంగతి తెలిసిందే కాబట్టి దాన్ని గడప దాటనివ్వం. నానమ్మ ఉన్నన్నాళ్లూ ఇసుక ట్రేలోనే బుద్ధిగా కూర్చునేది. ఆమెను సమాధి చేసిన కొద్దిరోజులకే మానేసింది.

లోసేలి అత్త, అంటే మా నాన్న అక్క, అంత్యక్రియలకు వచ్చి ఇంకా ఇక్కడే ఉంది. మేనత్త మాటకు మా దగ్గర ఎదురులేదు.

"శనివారం లారీ ఊరవతల మన తోటకు వెళ్తుంది. దానితోపాటు ఇదీ వెళ్తుంది" అంది.

"అది ముసలిదత్తా. అక్కడి కుక్కలు దీన్ని బతకనివ్వవు."

"ఇది నన్ను బతకనిస్తోందా? ఇంట్లో నీదే మొదటి డిగ్రీ అని ఊరంతా చెప్పుకున్నాం. పిల్లి చేత సరైన చోట ఉచ్చ పోయించడం అక్కడ చెప్పలేదటే?"

చెప్పలేదు. అందుకని ఫోనులో చదివాను. ట్రే శుభ్రంగా ఉండాలన్నారు, ఉంది. చప్పుడు లేని మూల ఉండాలన్నారు, అక్కడే పెట్టాను. జబ్బేమోనని తీసుకెళ్తే డాక్టరు పొట్ట నొక్కి చూసి, "దీనికేం, నాకంటే బాగుంది" అన్నాడు. మానియోకె ట్రే దగ్గరికి వస్తుంది, ఒక కాలు పెడుతుంది, తడి తొక్కినట్టు విదిలిస్తుంది, నా మొహం చూస్తుంది. నేను దాని మొహం చూస్తాను. ఇద్దరికీ ఏమీ అర్థం కాదు.

ట్రేలో ఇసుక పోసేది నాన్న. ఆయన్ను అడుగుదామంటే దొరకడు. అక్కాతమ్ముళ్లు ఒకచోట ఉన్నప్పుడు ఉచ్చ మాట ఎత్తకూడదు మా దగ్గర. అత్త "చాప" అనగానే ఆయన లేచి పెరట్లోకి వెళ్లిపోతాడు. అలా పిల్లి గురించి ఇల్లంతా మాట్లాడుకుంది, ఇసుక పోసే మనిషి తప్ప.

శనివారం పొద్దున లారీ వచ్చి ఆగింది. అత్త బుట్ట పట్టుకుని పిల్లి కోసం ఆ మూలకు వంగి, వంగినదల్లా అలాగే ఉండిపోయింది.

"ఒసే వీకా, ఈ ట్రేలో అమ్మ వాసన వస్తోందేమిటే?"

నేనూ వంగి చూశాను. చందనం నూనె, నానమ్మ పండగలకు రాసుకునేది. సమాధి మీద పరచడానికి ఇంటిల్లిపాదీ నల్ల గులకరాళ్లు కడిగి వాటికి రాసిన నూనె కూడా అదే. అప్పటినుంచీ ఇల్లంతా అదే వాసన కొడుతుంటే, ట్రేలో విడిగా ఎవరు గమనిస్తారు?

అంతలో నాన్న ఇసుక బకెట్టుతో లోపలికి వచ్చాడు. ట్రే దగ్గర అక్కను చూసి గిరుక్కున వెనుదిరిగాడు.

"నాన్నా, ఆగు! ఈ ఇసుక ఎక్కడిది?"

ఆయన గోడకు జవాబు చెప్పాడు. "గులకరాళ్లకు నూనె రాసి ఆరబెట్టాం చూడు, వాటి కింద పరిచిన ఇసుక. మిగిలిపోయింది."

"అది పిల్లికెందుకు పోశావు?"

"అమ్మ కనపడక బెంగపెట్టుకుందేమో అనుకున్నా. ఆమె వాసన తగిలితే కుదుటపడుతుందని."

అత్త బుట్ట కింద పెట్టింది. తరువాత, చెయ్యి చాస్తే అందేంత దగ్గరలో ఆయన ఉండగానే, నాతో అంది: "మీ నాన్నకు చెప్పవే, అమ్మ సమాధి ఇసుకలో ఏం చెయ్యకూడదో ఈ ఇంట్లో పిల్లికొక్కదానికే తెలిసిందని."

చెప్పాను. నాన్న భుజాలు కదిలాయి. అది నవ్వో ఏడుపో వెనకనుంచి తెలియలేదు. అత్త మాత్రం మా ఆచారం ప్రకారం సంతాపానికి నడుముకు కట్టుకున్న చాప జారిపోయేలా నవ్వి, కళ్లు తుడుచుకుని, "లారీని వెళ్లిపొమ్మను" అంది.

ఆ ఇసుకను అత్తే మోసుకెళ్లి సమాధి మీద చల్లి వచ్చింది. నాన్న సముద్రపొడ్డునుంచి వేరే ఇసుక తెచ్చాడు. మానియోకె వాసన చూసి, తవ్వి, కూర్చుని, చాలాసేపు లేవలేదు.

పిల్లులకు ఘాటు వాసనలు గిట్టవని ఫోనులో ఉంది. కాదు, అది మర్యాద అంటుంది అత్త. ఇంత చదివీ ఏది నిజమో తేల్చుకోలేకపోతున్నాను. మీ ఇంట్లో పిల్లి కూడా ట్రేలో కాలు పెట్టి వెనక్కి తీసుకుంటే, ముందు వంగి ఆ ఇసుక వాసన చూడండి. చూసినప్పుడు మా నానమ్మ మెలెనైతెను ఒక్కసారి తలుచుకోండి.